డచ్చి పటంలో రేవు

విశ్వేశ్వరం తెనాలిలో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. పాత పటాలంటే ప్రాణం. సెలవు దొరికితే హైదరాబాదు వెళ్లి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లోంచి తవ్వకాల పుస్తకాలు ఏరుకునేవాడు. ఎప్పుడో యూరప్‌లో అచ్చయిన మన తీరం పటం కనబడిందా, ఇక ఇల్లు గుర్తుండేది కాదు.

అలా దొరికిన ఒక డచ్చి పటం పదకొండేళ్లుగా అతన్ని పట్టుకుంది. అందులో కృష్ణానది సముద్రంలో కలిసేచోటికి కాస్త పైన ఒక రేవు పేరుంది. ఆ పేరు మరే పటంలోనూ లేదు. అది బౌద్ధుల కాలంలో వెలిగి మాసిపోయిన పట్నమని తేల్చి పెద్ద పుస్తకం రాశాడు. అచ్చుకిచ్చే ముందు గురువుగారి దీవెన కోసం బందరు వచ్చాడు.

గురువు పేరు హుస్సేనీ బాబా. దర్గా పక్కన చిన్న గదిలో ఉండే ముసలి సూఫీ.

"ఎన్నో పుస్తకాలు చూశాను బాబా. ఎక్కడా ఒక్క ఆనవాలు లేదు. అదొక్కటే వెలితి."

"అక్కడివాళ్లు ఏమన్నారు?"

"అక్కడున్నది చేపలు పట్టేవాళ్ల పల్లె. వాళ్లకేం తెలుస్తుంది?"

బాబా పటం మీదికి వంగారు. "పేరు చదువు."

"రెపోయెరాండి."

"ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పు."

విశ్వేశ్వరం చెప్పాడు. పీ తర్వాత ఓ, ఈ అనగానే బాబా కళ్లలో నవ్వు కదిలింది. పడవ నడిపే వీరాస్వామికి కబురు పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ సముద్రం మీదికి వెళ్లారు. పల్లె ఎదుటికి చేరేసరికి గాలి లేచింది. ఒడ్డు దగ్గర అలలు మనిషెత్తున విరుగుతున్నాయి.

"ఈ వేళప్పుడు దిగలేమని ముందే చెప్పాను గదా బాబా" అన్నాడు వీరాస్వామి.

"దిగొద్దులే. ఇక్కడే కాసేపు ఆపు."

ఒడ్డున వలలు ఆరేస్తున్న ఆడవాళ్లు పడవను చూశారు. ఒకామె రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి కేకేసింది. ముందు మాటలు గాలికి కొట్టుకుపోయాయి. చివరివి మాత్రం సాగుతూ పడవదాకా వచ్చాయి.

"రేపు రండీ..."

మిగతావాళ్లూ చేతులూపుతూ అందుకున్నారు. "రేపు రండీ..."

బాబా ఒడ్డువైపే చూస్తూ అన్నారు. "ఓ పక్కన ఈ రాస్తే డచ్చివాళ్లు ‘ఉ’ అని పలుకుతారట. బందరులో వాళ్ల సమాధుల మీది పేర్లు చదివి మా నాన్న చెప్పేవాడు."

విశ్వేశ్వరం పటం విప్పాడు. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. రే. పు. రం. డి.

ఏ కాలంలోనో ఒక ఓడవాడు ఇలాగే అలల మీద ఊగుతూ, ఒడ్డువైపు చూసి ఊరి పేరడిగి, వినబడింది వినబడినట్టు రాసుకుపోయాడు.

విశ్వేశ్వరం మొహం పాలిపోయింది. పదకొండేళ్లు. నాలుగొందల పేజీలు. ఆ తర్వాత ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది. పడవ అంచు పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. సంగతేమిటో తెలియకపోయినా వీరాస్వామి కూడా నవ్వాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు బాబా?"

"వాళ్లు రమ్మన్నారుగా. వెళ్దాం."

మర్నాడు పొద్దున సముద్రం నెమ్మదిగా ఉంది. పడవ ఒడ్డు చేరింది. నిన్న కేకేసిన ఆవిడే ఎదురొచ్చింది. విశ్వేశ్వరం చెప్పులు విడిచి చేత పట్టుకుని, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

"అమ్మా, మీ ఊరి పేరేమిటి?"

"ఏ పేరు కావాలి బాబూ? కాగితాల్లో రాసేదా, మేం పిలుచుకునేదా, మా ముత్తవ్వ చెప్పిందా?"

విశ్వేశ్వరం తడి ఇసకలో ఆమె ముందు చతికిలబడ్డాడు.

"మూడూ చెప్పమ్మా" అన్నాడు.