రేవు మైకు మూగబోయిన పొద్దు

2021 నవంబరు 10, బుధవారం. తెల్లవారినప్పటి నుంచీ ముసురు, ఈశాన్యపు గాలి. పాలెంరేవు హెచ్చరికల కేంద్రంలో నూకరాజు గురువును అడిగాడు: "పాతది మంచిదా మాష్టారూ, కొత్తదా?"

సోమయాజులు మాష్టారికి అడగ్గానే జవాబు చెప్పే అలవాటు లేదు. కాలేజీలో ఫిజిక్సు చెప్పిన రోజుల్లోనూ అంతేనట. బల్బు ఎందుకు వెలుగుతుందని అడిగితే ముందు దాన్ని ఆర్పేవారు.

కేంద్రంలో ఒకటే లినక్స్ కంప్యూటరు, దానికి రెండు వైఫై కార్డులు. కొత్త కార్డు వాతావరణ కబురు తెస్తుంది. ముసలి కార్డు దాన్ని ఏరు సముద్రంలో కలిసే మొగకు అవతల ఉన్న రేవు మైకుకు చేరవేస్తుంది. కార్డులను నడిపే ప్రోగ్రాములూ రెండు: సప్లికెంట్ పాతది, ఐడబ్ల్యూడీ కొత్తది. కొత్తది చురుకైనదని విని, ఏ కార్డును ఏది నడపాలో చూసే నెట్‌వర్క్ మేనేజరు సెట్టింగుల్లో అన్ని కార్డులకూ అదేనని నూకరాజు ఒక్క వరుస రాసేశాడు. కబురు రెప్పపాటులో వచ్చిపడింది. కుర్రాడు మురిసిపోయాడు.

"వచ్చింది కదా, చదువు," అన్నారు మాష్టారు.

మధ్యాహ్నానికి గాలివాన, పడవలు కట్టేయమని చదివాడు. కిటికీలోంచి చూస్తే అవతలి ఒడ్డున ఒక్కరూ తల ఎత్తలేదు. ముసలి కార్డుకు కొత్త ప్రోగ్రాముతో పొసగలేదు, మైకు మూగబోయింది. కేకేస్తే వినపడే దూరం కాదు. మొదటి పడవ తాడు విప్పుతున్నారు. ఆ పడవ నూకరాజు మేనమామది.

"అన్నిటికీ పాతదే పెట్టేస్తాను మాష్టారూ." అప్పటికే అతను కీబోర్డు మీదకు వంగాడు.

"మళ్ళీ అన్నిటికీనా?"

మాష్టారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ఆ వేళ్ళలో తొందర లేదు, తడబాటూ లేదు. నూకరాజు వరుస చెరిపి, ఒక్కొక్క కార్డుకూ పేరు పెట్టి విడిగా రాశారు. సర్వీసు ఆపి, మళ్ళీ నడిపించారు. అవతల మైకు గరగరమంది. నూకరాజు హెచ్చరిక మళ్ళీ చదివాడు. పడవ వెనక్కి తిరిగింది.

కాసేపటికి పడవను ఇవతలి ఒడ్డున కట్టేసి, మేనమామ తడిసిన తలగుడ్డ పిండుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఏరా అల్లుడూ, నేను మొగ దాటాక చెబుదామనుకున్నావా? మీ అత్త సంతోషించేది."

ఆ పొద్దు పంపకంలో కొత్త కార్డుకు కొత్తది దక్కింది, ముసలి కార్డుకు పాతది. అందరికీ ఒకటేనన్న ఆ వరుసకు ఏమీ దక్కలేదు.

మేనమామ వెళ్ళాక నూకరాజు మెల్లగా అన్నాడు: "ఏది మంచిదో మీరు చెప్పనేలేదు మాష్టారూ."

మాష్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు: "మీ మావ ఏది విని వెనక్కొచ్చాడు? కొత్తది తెచ్చిన కబురా, పాతది వేసిన కేకా?"