గడ్డిమేక పొట్టలో ఎర్రరసం

నల్లగుట్ట అడవిలో ఎవరికి దెబ్బ తగిలినా పరుగెత్తేది ముళ్లపంది సూదులవ్వ దగ్గరికే. ఆవిడకు సూదులు వెతుక్కునే పనిలేదు, ఒంటినిండా ఉన్నాయి. ఒక ముల్లు పీకి, కిత్తనార కట్టి, పంటితో పట్టుకుని టకటకా కుట్టేసేది. అయితే ఈ మధ్య అవ్వకు చూపు ఆనడం లేదు. తన తర్వాత ఎవరన్న బెంగతో ఇద్దరు శిష్యుల్ని చేర్చుకుంది. ఒకడు నక్క చెంగయ్య. రెండోవాడు తాబేలు పుల్లప్ప.

మొదటిరోజే అవ్వ చెరొక గడ్డిమేకను వాళ్ల ముందు పడేసింది. లోపలంతా ఎండుగడ్డి. పైన చర్మానికి బదులు అరటిబోదె పొర. ఆ పొర కిందనే బచ్చలిపళ్ల రసం నింపిన ఆకుపొట్లం.

“వెయ్యిమందిని చంపితేగానీ వైద్యుడు కాడంటారు. ఆ చంపేదేదో దీన్ని చంపండ్రా,” అంది అవ్వ. “ముల్లు లోతుకు దిగిందంటే పొట్లం చిల్లుపడి ఎర్రరసం కారుతుంది. నా గుడ్డికళ్లకు ఆ ఎరుపొక్కటే ఆనేది. చుక్క కారకుండా ఇరవై కుట్లు వేసినవాడే ప్రాణమున్న ఒంటిని ముట్టుకోవాలి.”

పుల్లప్ప మొదటి కుట్టుకే బొటబొటా కార్చాడు. మర్నాడూ అంతే. కారినప్పుడల్లా చిల్లు ఎక్కడ పడిందో వెతికి, అదిమిపట్టి, నారతో బిగించి, మళ్లీ మొదటికి వచ్చేవాడు.

“ఏం పుల్లప్పా, గడ్డిమేకకు ఇంకా పురుడు పోస్తూనే ఉన్నావా?” అని చెంగయ్య వెక్కిరించేవాడు.

“నాది మొద్దుబుర్ర బావా. నీలాగా ఒక్కసారి చూస్తే వచ్చేస్తుందా?”

నిజానికి చెంగయ్యకూ కారుతూనే ఉంది. అయ్యో, తాబేలు కంటే వెనకబడితే ఇక అడవిలో తలెత్తుకు తిరిగేదెలా? పరీక్షనాడు పొద్దున్నే వాడు తన గడ్డిమేక పొర విప్పి, పొట్లం లాగి పారేసి, ఆ ఖాళీలో గుప్పెడు గడ్డి కుక్కాడు. అవ్వ ముందు ఇరవై కుట్లు వేశాడు. చుక్క కారలేదు. కారడానికి లోపల ఏముంది గనక!

“శభాష్రా చెంగయ్యా!” అని అవ్వ మురిసిపోయింది. చెంగయ్య అవ్వ వంక చూడకుండా తల తిప్పుకున్నాడు. అయినా తోక పైకెత్తుకునే తిరిగాడు.

వారం తిరక్కుండా మేక గంగులమ్మ మూలుగుతూ వచ్చింది. వెదురుమోడు గీరుకుని పొట్ట జానెడు చీలిపోయింది. వెనకే పాలు తాగే పిల్లలు రెండు.

“నాకు చూపు లేదమ్మా, మా చెంగయ్య కుడతాడు. చుక్క కారనివ్వడు,” అంది అవ్వ.

నక్కను చూస్తే మేకకు ఉండే భయం ఉండనే ఉంది. అయినా గంగులమ్మ వాడి ముందు పడుకుంది. “నాకేమన్నా అయితే వీటికి దిక్కులేదు నాయనా. నీ చేతిలో పెడుతున్నాను,” అంది.

అప్పుడైనా నోరు విప్పొచ్చు. ‘అవ్వా, నాకు రాదు’ అంటే సరిపోయేది. కానీ పక్కన పుల్లప్ప చూస్తున్నాడే! వాడి ముందా? చెంగయ్య ముల్లు పంటితో పట్టాడు.

మూడో కుట్టుకు ముల్లు జారి లోతుకు దిగింది. నెత్తురు వెచ్చగా వాడి మూతినిండా చిమ్మింది. గంగులమ్మ ఒక్క అరుపు అరిచి తల వాల్చేసింది. చెంగయ్య ముల్లు వదలకుండా అలాగే ఉండిపోయాడు. కారితే ఏం చెయ్యాలో వాడెప్పుడు నేర్చుకున్నాడు?

“బావా, ముల్లు వదిలెయ్!” పుల్లప్ప పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పరుగు తీశాడు. “పంజాతో అదిమిపట్టు. ఇంకొంచెం పైన. ఆఁ, అక్కడే! తియ్యకు!”

మూతి లోపలికి పెట్టి చిల్లు దొరకబుచ్చుకున్నాడు. నార చుట్టాడు, ముడి బిగించాడు. ముప్పైసార్లు పొట్లానికి చిల్లు పొడిచి, ముప్పైసార్లు మూసినవాడు మరి. నెత్తురు ఆగింది. మిగతా కుట్లన్నీ తనే వేశాడు.

“ఇంత ఎరుపేమిట్రా?” అని అవ్వ కంగారుపడింది.

“ఆగిపోయిందవ్వా, ఏం ఫర్వాలేదు,” అన్నాడు పుల్లప్ప. చెంగయ్య వంక చూడనైనా చూడలేదు.

సాయంత్రానికి గంగులమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా మూతికి నెత్తురుతో చెంగయ్యే కనిపించాడు.

“నువ్వు చల్లగా ఉండాలి నాయనా! నక్క అని అనుమానపడ్డాను, తప్పయిపోయింది. రేపు నా పిల్లలకేమైనా అయితే నీ దగ్గరికే తెస్తాను.”

చెంగయ్య సిగ్గుతో చితికిపోయాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే అడిగేవాడు లేడు. పుల్లప్ప చెప్పేరకం కాదు. అదే చెంగయ్యకు మరీ భరించరానిదైంది.

“నన్ను దీవించకమ్మా,” అన్నాడు తల దించుకుని. “లోపల పొడిచింది నేను. బతికించింది వాడు. గడ్డిమేక పొట్టలో పొట్లం తీసేసి పరీక్ష నెగ్గాను. నాకు కుట్టడం రాదు.”

గంగులమ్మ చెంగయ్య పక్కన ఆడుకుంటున్న పిల్లలిద్దరినీ మూతితో మెల్లగా తోసి, తనకు అవతలిపక్కకు జరుపుకుంది.

నీతి: బొమ్మ మీద చేసిన తప్పు పాఠమవుతుంది, దాచిన తప్పు ఇంకొకరి ప్రాణం మీదికొస్తుంది.