పేరు రాయని బాతు

మూడు రోజులుగా చూస్తున్నా ఆ నాలుగు బాతులు ఏ రకమో, పక్షుల లెక్క రాసే నీలవేణి తేల్చుకోలేకపోతోంది.

సరస్సులో, జమ్ము పొదల అవతల తిరుగుతున్నాయవి. నీళ్ళ అడుగుకు మునిగి మేత వెతుక్కునే అడవి బాతులు. వాటిలో ఒక రకం తల గోధుమ రంగు. ఏటా చలికాలంలో వస్తుంది. ఇంకో రకం తల ముదురాకుపచ్చ, పక్కల మీద తెలుపు. అది లోకం మొత్తం మీద బహు కొద్దిగా మిగిలింది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

"అరుదైన రకమని రాసివ్వండి, ఆ వైపు జాలర్ల వలలు ఆపిస్తాను" అన్నాడు అటవీశాఖ రేంజరు.

పక్షుల్ని గుర్తుపట్టడం ఆమెకు నేర్పింది శౌరయ్య మాస్టారు. ఇప్పుడాయన కళ్ళకు పొరలు కమ్మాయి.

"నాకు మసగ్గా ఉంది. నీకేమనిపిస్తోంది?" అని అడిగారు.

"అరుదైనదే అనిపిస్తోంది మాస్టారూ. కానీ ఆ తెలుపు నీళ్ళ మెరుపేమో!"

"అనిపించిందే రాయి."

"తప్పయితే? పోయినేడు ఒక్క కొంగ పేరు తప్పు చెప్పినందుకు అందరూ ఎంత నవ్వారు! ఇంకొక్క రోజు చూస్తాను."

మాస్టారు బలవంతపెట్టలేదు.

నాలుగో రోజు పొద్దున బాతులు కనిపించలేదు. మధ్యాహ్నం దాకా పడవలో వెతికి, నీరసంగా ఒడ్డుకొచ్చింది. మాస్టారు గట్టు మీద కూర్చుని ఉన్నారు. పక్కన తడి గోనెసంచి.

"వలలో చిక్కుకున్నాయట" అంటూ ఒక బాతును తీసి ఆమె చేతుల్లో పెట్టారు.

మెడ చుట్టూ వలదారం కోసిన గీత. నీలవేణి బొటనవేలితో తల మీది ఈకలు నిమిరింది. ఎండలో ఆకుపచ్చ మెరిసింది. పక్కన తెలుపు. అది నీళ్ళ మెరుపు కాదు.

"మిగతావి?"

మాస్టారు సంచిని ఆమె వైపు జరిపారు. ఆమె దాని మూతి విప్పలేకపోయింది.

"నేను నిన్ననే రాసుంటే..."

ఆయన నోటుపుస్తకం తెరిచి ఆమె ఒళ్ళో పెట్టారు. కలం అందించారు. ఆమె రకం పేరు రాసింది. ఎన్ని అన్నచోట నాలుగు అని రాసింది.

"చదువు" అన్నారు మాస్టారు.

చదివింది. ఈసారి ఆయనకు వినపడేలా మళ్ళీ చదివింది.

"సరిగ్గానే గుర్తుపట్టావమ్మా" అన్నారాయన.