సింగారి తలుపు

గుండ్లకోన అడవిలో కోతులు, కొంగలు, గోరింకలు, ఉడతలు ఉండేవి. అక్కడ ఒక మద్దిచెట్టు తొర్రలో గంభీరుడు, సింగారి అనే పిట్టల జంట కాపురం ఉండేది. వాళ్ళది ముక్కు మీద కొమ్ము మొలిచే జాతి. గంభీరుడి కొమ్ము అందరి కొమ్ముల కంటే పెద్దది. దాని వెనక తెలివి ఎంత ఉందో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

ఆ జాతికి ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే రోజుల్లో ఆడపిట్ట తొర్రలోకి వెళ్ళి, లోపలి నుంచి మట్టితో తలుపు మూసుకుంటుంది. ఒక్క చీలిక వదులుతుంది. మగపిట్ట ఆ చీలికలోంచి పండ్లు అందిస్తుంది. పిల్లలు పెద్దవి కాగానే తలుపు పగలగొట్టుకుని అందరూ బయటికి వస్తారు.

సింగారి పిల్లలు ఎగిరిపోయి నెల దాటింది. ఆ రోజు వాటి వెనకే ఆమె కూడా బయటికి రాబోతే గంభీరుడు బయటి నుంచి మళ్ళీ మట్టి మెత్తేశాడు.

"ఇదేమిటండీ?" అంది సింగారి.

"బయట ఎండ, గాలి, లోకం. మూడూ చెడ్డవే. లోపలే పడి ఉండు" అన్నాడు గంభీరుడు.

ఎదురు చెబితే చీలికలోంచి ముక్కు పెట్టి ఒక ఈక పీకేవాడు. కోపం ఎక్కువైతే ఆ పూట పండు ఉండేది కాదు. నలుగురిలో మాత్రం, "మా ఆవిణ్ణి కాలు కింద పెట్టనివ్వను" అని గొప్పలు పోయేవాడు. అది నిజమే. కాలు చాపుకోవడానికి కూడా పాపం ఆమెకు చోటు లేదు.

ఒకరోజు గోరింక అటుగా వస్తే సింగారి తన బాధ చెప్పుకుంది.

"ఎవరికీ చెప్పకు వదినా" అంది.

"నాకు చెబితే బావిలో వేసినట్టే" అంది గోరింక.

ఆ బావికి మూత లేదు. సాయంత్రానికి అడవంతా కోడై కూసింది. కొంగ తాత వచ్చి, ఒంటికాలి మీద నిలబడి, "సర్దుకుపోవాలమ్మా" అని చెప్పి వెళ్ళాడు. రెండు కాళ్ళు ఉండి కూడా ఒక్కదానితో సర్దుకునేవాడు ఇంకేం చెబుతాడు? సంగతి గంభీరుడి చెవిన పడింది. ఆ రోజు సింగారికి రెండు ఈకలు పోయాయి. తలుపుకు ఇంకో పూత పడింది.

ఇక చచ్చినా ఎవరికీ చెప్పకూడదని సింగారి ఒట్టు పెట్టుకుంది. ఒక్క గోరింకను చూసి లోకమంతా గోరింకలే అనుకుంది పిచ్చిది.

మర్నాడు కొండమ్మ అనే వడ్రంగి పిట్ట ఆ చెట్టు వెనక పురుగుల కోసం టకటకా తొలుస్తూ, లోపల వెక్కిళ్ళు విని ఆగింది.

"ఎవరమ్మా లోపల? చెప్పాలనిపిస్తేనే చెప్పు."

"చెబితే నువ్వూ అందరికీ చెబుతావు."

"నా ముక్కుకు రోజంతా పనే తల్లీ. చాడీలకు తీరికెక్కడిది?"

సింగారి కాసేపు తటపటాయించి అంతా చెప్పింది. "మా ఆచారమే ఇంతేమో అక్కా" అని కూడా అంది.

"నువ్వు లోపలి నుంచి మూసుకుంటే ఆచారం. అతను బయటి నుంచి మూస్తే చెర. తప్పు నీది కాదమ్మా. ఇప్పుడు నీకేం కావాలి?"

ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సింగారికి ఏడుపు పొంగుకొచ్చింది.

"బయటపడాలి. కానీ ఈకలు లేవు, ఎగరలేను."

"అవి మొలిచేదాకా రోజూ కొంచెం తొలుస్తాను. చిన్న కన్నం తప్ప పై బెరడు కదిలించను, ఎవరికీ కనిపించదు. ఏటి అవతల రాతిగుట్టలో నీలాగే బాధలు పడి తప్పించుకొచ్చినవాళ్ళు ఉన్నారు. పేరు చెప్పకుండా చోటు అడిగి ఉంచుతాను. ఎప్పుడు వెళ్ళాలో నువ్వే చెప్పు."

మర్నాటి నుంచి టకటక మొదలైంది.

"ఏమిటా చప్పుడు?" అని గంభీరుడు గద్దించాడు.

"చెట్టుకు పురుగు పట్టిందయ్యా" అంది కొండమ్మ.

"అయితే ఒక్కదాన్నీ వదలకు! మా ఇల్లు గట్టిగా ఉండాలి" అని దగ్గరుండి తొలిపించాడు. పైగా, కష్టపడుతోందని ఒక మేడిపండు కూడా ఇచ్చాడు. కొండమ్మ ఆ పండును కన్నంలోంచి సింగారికి అందించింది.

ఈకలు మొలిచాయి. ఒక ఉదయం గంభీరుడు మట్టి కోసం వాగుకు వెళ్ళాడు.

"ఇవాళే అక్కా" అంది సింగారి. కొండమ్మ బెరడు లాగేసింది. సింగారి బయటికి దూకి, బరువుగా కిందికి జారింది. చచ్చాననుకుంది. అంతలో రెక్కలు గాలిని పట్టుకున్నాయి. ఆమె ఏరు దాటి వెళ్ళిపోయింది.

గంభీరుడు వచ్చి తలుపుకు కొత్త పూత వేశాడు. "ఇవాళ నోరు లేవడం లేదే! బుద్ధి వచ్చిందన్నమాట" అని మురిసిపోయాడు. మూడు రోజులు ఖాళీ తొర్రకు నీతులు బోధించాడు. ఉడతలు గింజలు తెచ్చుకుని మరీ కూర్చుని విన్నాయి. నాలుగో రోజు అనుమానం వచ్చి చీలికలో తల దూర్చాడు. కొమ్ము ఇరుక్కుపోయింది. మట్టి మెత్తడంలో అతనిది గట్టి చెయ్యి మరి! కోతులు కాళ్ళు పట్టుకుని లాగితే బయటపడ్డాడు కానీ, కొమ్ము కొన లోపలే ఉండిపోయింది.

"ఎక్కడికి పోయింది?" అని గోరింకను నిలదీశాడు.

"నాకెవరూ చెప్పలేదు బాబూ! తెలిస్తే నువ్వు అడిగేదాకా ఆగుతానా?" అని గోరింక భోరుమంది.

రాతిగుట్టలో సింగారి తన కొత్త తొర్ర ముందు కూర్చుని ఉంది. పక్క తొర్రలోని ముసలి పిట్ట, "తలుపు మూసుకోవా అమ్మాయ్?" అని అడిగింది.

"నాకు మూసుకోవాలనిపించినప్పుడు మూసుకుంటాను పిన్నీ" అంది సింగారి.

నీతి: బాధపెట్టే గూటిని విడిచిపోవడం తప్పు కాదు, గుట్టు కాపాడే ఒక్కరికి చెప్పుకున్నా దారి దొరుకుతుంది.