అరిగిన మేర

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు భీమశంకరం మాస్టారికి లేదు. చరిత్ర శాఖలో పనిచేసిన ముప్పై ఏళ్ళూ ఆయన ప్రశ్నను అడిగినవారి దగ్గరే వదిలేసి, వారిని ఏదో ఒక పని మీద వెంటబెట్టుకుని వెళ్ళేవారు. శిష్యుల్లో కొందరు దీన్ని గొప్ప బోధనాపద్ధతిగా పొగిడేవారు. జవాబు తెలియని రోజున కూడా ఆ పద్ధతి ఆయనకు అంతే బాగా అక్కరకొచ్చేదని మరికొందరు అనేవారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

సుచరిత ఆయన దగ్గర చేరిన చివరి పరిశోధక విద్యార్థిని. ఏటిమొగ్గల అనే ఊరి కరణాలు ఐదు తరాలపాటు రాసుకుంటూ వచ్చిన దండకవిలె, అంటే ఆ ఊరి పుట్టుపూర్వోత్తరాల పుస్తకం, ఆమె పరిశోధనకు ఏకైక ఆధారం. మూడేళ్ళు దాని మీదే కూర్చుంది. పోయిన వారం ఆ ఊరి పొలంలో ఒక శాసనం బయటపడింది. కాలువ నీటిలో మొదటి వంతు ఊళ్ళోని రెండు పాలేల్లో దిగువపాలెం వారిదని ఇచ్చిన తీర్పు అందులో చెక్కి ఉంది. అదే తీర్పు, అదే తేదీతో కవిలెలోనూ ఉంది. కాకపోతే అక్కడ మొదటి వంతు ఎగువపాలేనికి దక్కింది. కవిలె రాసిన కరణాలది ఎగువపాలెం. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదని సుచరిత అనుకుంది.

పరిశోధనాంశాన్ని వదులుకుంటున్నానని లేఖ రాసుకుని ఆమె మాస్టారి ఇంటికి వచ్చింది. దాని మీద మాస్టారి సంతకం పడి, ఆ సాయంత్రం ఐదింటిలోగా శాఖకు చేరితే మూడేళ్ళ పని అంతటితో ముగిసిపోతుంది. చేరకపోతే, అబద్ధమాడిందని తెలిసిన పుస్తకాన్ని పట్టుకుని పరీక్షకుల ముందు నిలబడాలి. అంశం మార్చుకోవడానికి అదే ఆఖరి రోజు.

"ఒకచోట అబద్ధమాడినట్టు రుజువైన సాక్షిని మిగతా చోట్ల ఎలా నమ్మమంటారు, మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు లేఖను మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, శాఖ దాకా తన కారులోనే పోదామన్నారు.

ఆ కారు సుచరిత కంటే రెండేళ్ళు పెద్దది. బయలుదేరినప్పుడు పెట్రోలు ముల్లు సగానికి కాస్త పైన ఉంది. రైల్వే గేటు దగ్గర కుదుపుకు మెల్లగా సున్నాకు దిగింది. మరో రెండు కిలోమీటర్లు పోయాక దానంతటదే లేచింది, మళ్ళీ పడింది. దారిలో బండి ఆగిపోతే ఐదింటికి చేరేది లేదని సుచరిత గుర్తుచేసింది. మాస్టారికి ముల్లు చేసే ఈ వేషాలు కొత్త కాదు. ఇద్దరు మెకానిక్కులు అప్పటికే డాష్‌బోర్డులోని మీటరును చెరోసారి మార్చారు. అయినా దాని తీరు మారలేదు. ఈసారి ఆయన బైపాసు పక్కనున్న మౌలాలి అనే మెకానిక్కు షెడ్డులోకి కారు తిప్పారు.

మౌలాలి అరవై దాటిన మనిషి, మాస్టారిని చాలా ఏళ్ళుగా ఎరిగినవాడు. మీటరు రెండుసార్లు మార్పించిన సంగతి విని, "కడుపునొప్పికి కళ్ళజోడు మార్చారన్నమాట" అన్నాడు.

డిక్కీలో పరిచిన రబ్బరు చాప ఎత్తి, ట్యాంకు నుంచి మీటరుకు పోయే వైరు ఊడదీసి, దాని కొసను బండి ఇనుముకు తాకించాడు. సుచరితను ముందు సీట్లో కూర్చోబెట్టి ముల్లు సంగతి చెప్పమన్నాడు. ముల్లు తిన్నగా నిండు గుర్తుకు వెళ్ళింది. అంటే తప్పు మీటరుది కాదు, వైరుదీ కాదు. ఎర్తు కూడా చూశాడు, బాగానే ఉంది. ఇక మిగిలింది ట్యాంకు లోపలి ఫ్లోటు. పెట్రోలుతో పాటు లేస్తూ దిగుతూ, తన కమ్మీని ఒక సన్నటి తీగచుట్ట మీద రాస్తూ, ఎంత ఉందో మీటరుకు కబురు పంపేది అదే.

దొంగ దొరికాడు కాబట్టి దాన్ని తీసి పారేసి కొత్తది బిగించమని సుచరిత చెప్పింది. అప్పటికి మూడున్నర అయింది.

"ఈ మోడలుకు కొత్తది దొరకదు మేడం," అన్నాడు మౌలాలి. "దొరికినా, దీన్ని ఒక్క మాటైనా అడక్కుండా పారేస్తామా?"

ఫ్లోటును బయటికి తీసి, ట్యాంకు కన్నాన్ని తడిగుడ్డతో మూశాడు. పెట్రోలు ఆవిరికి దూరంగా తెచ్చి, పొడుగు వైర్లతో దాన్ని మళ్ళీ కలిపాడు. కమ్మీని అడుగు నుంచి కొంచెం కొంచెంగా లేపుతూ ముల్లు ఎక్కడుందో అడుగుతుంటే, ముందు సీట్లోంచి సుచరిత జవాబిస్తూ, అలవాటు కొద్దీ నోటు పుస్తకంలో రాసుకుంది. కింది నుంచి సగం దాకా ముల్లు ఎక్కడా తడబడలేదు. సగం దాటగానే సున్నాకు జారింది. ముప్పాతిక దాటాక లేచి, చివరిదాకా సరిగ్గా నడిచింది. ఆమెకు నమ్మకం కుదరలేదు. మళ్ళీ చేయించింది. పై నుంచి కిందికి కూడా రెండుసార్లు చేయించింది. నాలుగుసార్లూ ముల్లు తప్పింది ఆ మధ్య మేరలోనే.

దిగి వచ్చి తీగచుట్టను చూసింది. సగానికీ ముప్పాతికకూ మధ్య రెండు వేళ్ళ మేర తీగ అరిగి మెరుస్తోంది, కమ్మీ దానికి ఆనడం లేదు. అటూ ఇటూ మాత్రం కొత్త సరుకులా ఉంది. ఇక్కడే ఎందుకు అరిగిందని అడిగింది.

మౌలాలి గడ్డంతో మాస్టారిని చూపించాడు. "వారినే అడగండి. ట్యాంకు సగానికి దిగనివ్వరు, ముప్పాతిక దాటి పోయించరు. పాతికేళ్ళుగా ఇది ఆ రెండు వేళ్ళ మేరలోనే పని చేస్తోంది. ఇంకెక్కడ అరుగుతుంది?"

మాస్టారు ఒప్పుకున్నారు. కారు కొన్న కొత్తలో ఒకసారి కృష్ణా బ్రిడ్జి మీద పెట్రోలు అయిపోయి అందరితో తిట్లు తిన్నారు. ఆ భయంతో సగానికి దిగనివ్వరు. నిండుగా పోయిస్తే రాత్రికి ఎవరో లాగేసుకుంటారన్న అనుమానంతో ముప్పాతిక దాటనివ్వరు.

మౌలాలి ఫ్లోటును కడిగి తిరిగి బిగించాడు. సగం కంటే కిందా, ముప్పాతిక కంటే పైనా అది చెప్పింది నమ్మవచ్చునని, ఆ మధ్యలో మాత్రం తిరిగిన కిలోమీటర్లు చూసుకోమని చెప్పాడు. సుచరిత అది కూడా రాసుకుంది.

మళ్ళీ రోడ్డెక్కేసరికి నాలుగుంబావు. ముల్లు సున్నాలో ఉంది. పెట్రోలు బంకు ఒకటి ఎదురై వెనక్కి పోయింది, ఆమె ఆపమనలేదు. మాస్టారు ఈ ప్రయాణం ఎందుకు పెట్టారో ఆమెకు తెలియకపోలేదు; కానీ అంత తేలికగా ఒప్పుకునే మనిషి కాదు.

"ఫ్లోటుకు ఎగువపాలెంలో చుట్టాలు లేరు, మాస్టారూ. అది అరిగింది. కరణం కావాలనే రాశాడు."

"కావాలనే రాశాడు," అన్నారు మాస్టారు.

శాఖ ముందు కారు ఆపి, జేబులోంచి లేఖ తీసి మడత విప్పారు, కలం మూత తీశారు. సుచరిత చూస్తోంది.

"సంతకం పెట్టమంటే పెడతానమ్మా. ఆ ఊళ్ళో తగవు వచ్చినప్పుడల్లా కరణం ఇంటికి పోయి కవిలెలో ఏ పుట తెరిపించేవారో, ఏ పుటల జోలికి ఎవరూ పోలేదో, అది మాత్రం కనుక్కున్నావా?"