తోటలో ఎవరూ లేరు

పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు గనుక చెప్పను గానీ, ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండసేన మహారాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తన గొప్పకి ఎక్కడ లోటు వస్తుందోనని ఎప్పుడూ కంగారు పడుతూ ఉండేవాడు.

పట్టాభిషేకం నాడు ఆయనకి తలనొప్పి వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో కిరీటం పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. నరహరి మంత్రి మాత్రం అది జనం పెట్టిన దిష్టి అని తేల్చేశాడు. దాంతో ఒక శాసనం పుట్టింది. రాజుగారు కోట దాటి బయటికి వస్తే జనమే కాదు, కాపలా భటులు కూడా వీపు తిప్పి నిలబడాలి. ఆయన ముఖం ఎవరూ చూడకూడదు. పన్నెండేళ్ళు గడిచేసరికి, కొలువులోని పాతికమందికి తప్ప రాజుగారి ముఖం ఎలా ఉంటుందో రాజ్యంలో ఎవరికీ తెలియకుండా పోయింది.

ఆ పాతికమందిలో తిరువెంగళయ్య ఒకడు. కొలువులో ఆయన పని నవ్వించడం. ఏ పూట ఏం చమత్కారం చెప్పినా, ఇంటికి రాగానే దాన్ని భార్య నాంచారమ్మకి మళ్ళీ చెప్పేవాడు. ఆమె సగంలోనే నవ్వేసేది. చివరిదాకా వినకుండా నవ్వితే ఎలాగని ఆయన విసుక్కునేవాడు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు కొలువంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి ఇంటికొస్తే తాళం తనే తీసుకోవాలి, దీపం తనే పెట్టుకోవాలి. ఆ ఇంట్లో కూర్చోవాలంటే ఆయనకి భయమేసేది.

అందుకని రోజూ ఎండ తగ్గే వేళకి తూర్పు తోటకి పోయేవాడు. ఊళ్ళో ఉన్న మూడు తోటల్లోనూ అది పాతది. ఒక మూల పొగడచెట్టు, దాని కింద ఇద్దరు కూర్చునే రాతిబల్ల ఉండేవి. ఇరవై ఏళ్ళు నాంచారమ్మతో కలిసి కూర్చున్న బల్ల అది. ఇప్పుడు ఒక పక్కన తను కూర్చుని, రెండో పక్కన ఉత్తరీయం పరిచేవాడు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చా అని అడిగితే, మనిషి వస్తారండీ అనేవాడు. వాళ్ళు వేరే చోటు చూసుకునేవారు. చీకటి పడేదాకా ఆ ఉత్తరీయం మీద పొగడపూలు రాలుతూ ఉండేవి. ఆయన పెదవులు కదిలించీ కదిలించకుండా ఆనాటి చమత్కారం చెప్పుకుని లేచి పోయేవాడు. దూరంగా ఆడుకునే పిల్లల కేకలు, ముసలివాళ్ళ వాదులాటలు చెవిన పడుతుంటే ప్రాణానికి కాస్త తెరిపిగా ఉండేది. ఆ కాసేపు కోసమే ఆయన మిగతా రోజంతా బతికేవాడు.

ఇలా ఉండగా ప్రచండసేనుడికి ఊరి తోటలు బాగుచేయాలని బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. ముందుగా తూర్పు తోట చూడటానికి బయల్దేరాడు. రాజుగారు వస్తున్నారంటే ఆనవాయితీ ఒకటుంది గదా. భటులు ముందే వచ్చి తోటలో ఉన్నవాళ్ళందరినీ తరిమేశారు, నేల ఊడ్చేశారు, కల్లాపి చల్లేశారు. ఆ తర్వాత ప్రభువులు వేంచేశారు. ఇంత తోటలోనూ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కడే నడిచాడు. ఆయనకి తోట చూసిన సంతోషం కలగలేదు సరికదా, ఎందుకో దిగులేసింది.

ఇంత చక్కని తోటకి జనం ఎందుకు రావడం లేదని మంత్రిని అడిగాడు. జనానికి అందమంటే ఏమిటో తెలియదనీ, తోటకి హోదా వస్తే వాళ్ళే వస్తారనీ నరహరి మంత్రి చెప్పాడు. వారం తిరక్కుండా పథకం తయారుచేశాడు. చుట్టూ రెండు నిలువుల ఎత్తు గోడ. ముందు సింహద్వారం. మధ్యలో మహారాజుగారి పాలరాతి విగ్రహాలు ఏడు. పొగడచెట్టు వంకరగా ఉంది కాబట్టి అది కొట్టేసి, పాత రాతిబల్లలన్నీ పెకలించి పారేయడం. పెట్టిన ఖర్చు రాబట్టడానికి లోపలికి వచ్చే ప్రతి మనిషి దగ్గరా సుంకం. శిల్పి గీసిన విగ్రహం బొమ్మని అప్పుడే తోట వాకిట్లో నిలబెట్టారు కూడా. రాజుగారి ముఖం చూడటానికి శిల్పికీ వీల్లేదు గనుక, కోటేరు ముక్కూ సింహపు నడుమూ మంత్రి నోట విని గీశాడు.

ఆ పథకం కొలువులో చదువుతుంటే అందరూ భేషన్నారు. తిరువెంగళయ్య మాత్రం లేచి నిలబడ్డాడు. ఆయన బతుకులో మిగిలింది ఆ బల్ల మీద నాంచారమ్మ కూర్చున్న అర రాయి. దాన్ని కూడా పెకలిస్తారట.

"ప్రభూ, ఆ తోటకి జనం వస్తారు. పొగడచెట్టు కింది బల్ల మీద కూర్చుని రోజూ చూస్తూనే ఉన్నాను" అన్నాడు.

"ఒక్కరూ రారు. నా కళ్ళతో చూశాను" అన్నాడు రాజు.

"తమరు రానప్పుడు వస్తారు."

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారి ముఖం కందగడ్డయింది. తను అబద్ధమాడుతున్నానా అని గద్దించాడు. మూడు రోజుల్లో ఆ జనాన్ని తన కళ్ళకి చూపిస్తే పథకం చింపేస్తానన్నాడు. చూపించలేకపోతే ఆ పొగడచెట్టు కింది బల్లని తిరువెంగళయ్యే గునపం పట్టి తన చేత్తో పెకలించాలన్నాడు. పైగా ఒక షరతు పెట్టాడు. మారువేషాలు వేసుకుని తిరగడం తన హోదాకి తగదు. వస్తే రాజుగానే వస్తాడు, పల్లకీ, కిరీటం, భటులు, అన్నీ ఉండాల్సిందే.

తిరువెంగళయ్య మొదటి రెండు రోజులూ బల్ల మీద కూర్చుని ఉత్తరీయం వంక చూస్తూ ఆలోచించాడు. రాజు వస్తే జనం ఉండరు. జనం ఉంటే రాజు రాడు. నాంచారమ్మ ఉంటే ఇద్దరూ కలిసి ఏదో ఒక ఉపాయం పన్నేవారు. ఒంటరిగా తనకేమీ తోచలేదు. రెండో రోజు సాయంత్రం భటులు మంత్రిగారి కొలతల కోసమని వచ్చి అందరితో పాటు ఆయన్నీ లేపి బయటికి గెంటారు. బాట పక్కన కాలవ గట్టు మీద జనంతో కలిసి నిలబడ్డాక ఆయనకి దారి దొరికింది.

మూడో రోజు ఎప్పటిలాగే రాజుగారి రాక చాటించమన్నాడు. పల్లకీ, భటులు, బాకాలు, అన్నీ ముందు వాకిలికే రావచ్చన్నాడు. ఎండగా ఉంది కాబట్టి కిరీటం, హారం పల్లకీలో పెట్టి తెర దించేస్తే, ప్రభువులు మాత్రం తనతో వెనక తలుపు గుండా ఒక్క గడియ ముందు వస్తే చాలన్నాడు. వేషం మార్చక్కర్లేదు, ఇంట్లో కట్టుకునే బట్టలతో తమరే రండి అన్నాడు. ఎలాగూ గెలిచేది తనే గదా అని రాజు సరేనన్నాడు. బోయీలకి ఆ రోజు పల్లకీ తేలిగ్గా అనిపించింది గానీ, తమకెందుకని ఊరుకున్నారు.

వెనక తలుపు తీస్తే పొగడచెట్టే. అలవాటు కొద్దీ తిరువెంగళయ్య బల్ల మీద సగం చోట ఉత్తరీయం పరిచాడు. రాజు అది చూశాడు. గోరింట కంచె అవతల బోలెడు గొంతులు వినిపిస్తున్నాయి. ఎవరా అని రాజు కంచె దాకా అడుగు వేసేలోపు ఒక భటుడు కర్ర ఊపుకుంటూ వచ్చి మీద పడ్డాడు.

"లెగండి లెగండి. రాజుగారు వస్తున్నారు. బయటికి నడవండి."

"నేనే రాజుని" అన్నాడు ప్రచండసేనుడు.

భటుడు ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "వాకిట్లో రాజుగారి బొమ్మ పెట్టారు, చూసి రా. ఆ ముక్కేదీ, ఆ నడుమేదీ? నీకు ముందు పొట్టే వస్తోంది. అయినా రాజుగారి మొకం నేను చూడకూడదు. నీ మొకం చూస్తూనే ఉన్నాను గదా. నువ్వు రాజువెలా అవుతావయ్యా?"

శాసనం రాజుగారిదే, దాని మీది రాజముద్రా ఆయనదే. తిరువెంగళయ్య ఉత్తరీయం మడిచి భుజాన వేసుకున్నాడు. ఇద్దరినీ జబ్బ పట్టుకుని కాలవ గట్టు మీదికి తోశారు.

గట్టు పొడుగునా జనం. చంటిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు, మగ్గం దిగి నడుం వాల్చడానికొచ్చిన నేతగాళ్ళు, కోడలితో పొసగక పొద్దంతా తోటలోనే ఉండే ముసలాయన, కళ్ళు లేని పాటగాడు. నీడ లేదు, కూర్చునే చోటు లేదు. ప్రతిసారీ ఇదే తంతు గనుక ఎవరూ గొణగను కూడా లేదు. అదే వింతగా తోచింది రాజుకి.

అంతలో బాకాలు మోగాయి. అందరూ వీపు తిప్పారు. రాజు మాత్రం తన పల్లకీ వంక చూస్తూ నిలబడితే, ముంజెలమ్ముకునే పోలమ్మ ఆయన భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

"అటు చూడమాక నాయనా, కొడతారు. కొత్తోడివా? ఎండకి మొకం వాడిపోయింది. ఇదిగో, ఈ ముంజె తిను."

పన్నెండేళ్ళుగా ఎవరూ తనని ఇలా ఆప్యాయంగా తాకలేదని రాజుకి అప్పుడు గుర్తొచ్చింది. ముంజె పుచ్చుకున్నాడు. రోజూ ఇక్కడికి వస్తావా అని ఆమెని అడిగాడు. బేరం కోసం వస్తానని అందరికీ చెబుతాననీ, నిజానికి ఇంటి దగ్గర పలకరించే దిక్కు లేక వస్తాననీ పోలమ్మ చెప్పింది. గోడ కట్టి సుంకం పెడితే ఇక రావడం ఉండదంది. తర్వాత తోట వైపు తలాడించి, గొంతు తగ్గించి అంది.

"నాకంటే ఆ రాజుగారికే ఎవరూ లేరు, పాపం. మొన్న వచ్చినప్పుడు ఇంత తోటలోనూ ఒక్కడే తిరిగాడంట."

రాజు నోట్లోని ముంజె మింగుడు పడలేదు. తిరువెంగళయ్య పక్కకి తిరిగి కాలవ నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు నరహరి మంత్రి ఖాళీ తోటలోంచి వచ్చి, పల్లకీ తెర ముందు నడుం వంచి, చేతులు కట్టుకుని అందరికీ వినబడేలా విన్నవించాడు. "చూశారు గదా ప్రభూ. ఇవాళా తోటలో ఎవరూ లేరు." పల్లకీలో ఉన్న కిరీటం ఏమీ మాట్లాడలేదు. మౌనం సమ్మతి అనుకుని మంత్రి, ప్రభువుల చూపుకి తిరుగు లేదని పొగడటం మొదలుపెట్టాడు.

గట్టు మీద రాజుగారికి ముందు పొలమారింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక పోలమ్మ భుజం పట్టుకుని మరీ నవ్వాడు. ఆ గొంతు గుర్తుపట్టి మంత్రి వంచిన నడుం వంచినట్టే ఇటు తిరిగాడు. కర్ర పట్టిన భటుడు రాజు ముఖం చూడాలో వీపు తిప్పాలో తెలియక గుండ్రంగా తిరగసాగాడు.

"తోటలో జనాన్ని చూపిస్తానని, తోట బయట చూపించావేమయ్యా తిరువెంగళయ్యా?" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ.

"తమరు లోపల అడుగుపెడితే వీళ్ళు బయటే ఉంటారు ప్రభూ. వీళ్ళని తమ దగ్గరికి తేలేను. అందుకని తమరినే వీళ్ళ దగ్గరికి తెచ్చాను."

రాజు అక్కడికక్కడే పథకం చింపేశాడు. గోడకీ విగ్రహాలకీ తీసి ఉంచిన సొమ్ముతో మూడు తోటల్లోనూ నీడచెట్లు, రాతిబల్లలు, మంచినీళ్ళ చలివేంద్రాలు పెట్టించమన్నాడు. ఏది ఎక్కడ కావాలో గట్టు మీది వాళ్ళనే అడగమన్నాడు. సుంకం లేదు, తరమడం లేదు. వీపు తిప్పే శాసనం కూడా రద్దయింది. ముఖం చూశాక జనం పెద్దగా దిష్టి పెట్టే అవకాశం లేదని తనకి నమ్మకం కుదిరిందన్నాడు. భటుడికి పల్లకీలోని హారం తీసి ఇచ్చాడు. తిరువెంగళయ్యని ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఆ బల్లని ఉన్నచోటే ఉండనివ్వండి ప్రభూ, అంతే చాలు."

"ఉంటుంది. కానీ సగం బల్ల మీద ఉత్తరీయం పరిచావు. ఎవరొస్తారు?"

కొలువులో చేరిన నాటి నుంచీ తిరువెంగళయ్య మాటకి తడుముకున్నది అదే మొదటిసారి. రెండేళ్ళయింది ప్రభూ అని మాత్రం అనగలిగాడు. రాజుకి అర్థమైంది. దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"నేను తోటంతా ఖాళీ చేయించాను. నువ్వు అర రాయి ఖాళీ చేయిస్తున్నావు."

ఆ మాట తిరువెంగళయ్యకి సూటిగా గుచ్చుకుంది. ఆయన ఇంటికి వెళ్ళి చాలాసేపు ఏడ్చాడు.

మర్నాడు ఎండ తగ్గే వేళకి ఎప్పటిలాగే బల్ల మీద కూర్చున్నాడు. ఉత్తరీయం ఎప్పటిలాగే పక్కన ఉంది. తోటలో గోలగోలగా ఉంది. కాసేపటికి ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. తల మీద కిరీటం లేదు, చేతిలో పోలమ్మ ముంజెలు ఆకులో ఉన్నాయి.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు ప్రచండసేనుడు.

తిరువెంగళయ్య ఉత్తరీయం మీది పొగడపూలు ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లోకి తీసుకున్నాడు. తర్వాత దాన్ని దులిపి భుజాన వేసుకుని, లేరు ప్రభూ, కూర్చోండి అని కాస్త జరిగాడు.

రాజు కూర్చున్నాడు. ఇద్దరూ ముంజెలు తిన్నారు. తిరువెంగళయ్య గుండ్రంగా తిరిగిన భటుడి సంగతి మొదటినుంచీ చివరిదాకా అభినయించి చూపించాడు. నాంచారమ్మయితే సగంలోనే నవ్వేసేది. రాజుగారు ఓపిగ్గా చివరిదాకా విని అప్పుడు నవ్వారు. ఇలా నవ్వేవాళ్ళూ ఉంటారు కాబోలనుకుని తిరువెంగళయ్య ఇంకొకటి మొదలుపెట్టాడు.