అప్పాయమ్మ పిండికి వెచ్చదనమిచ్చిన కంప్యూటర్

దుప్పటి సరిగ్గా కప్పుకో కన్నా. కాళ్ళతో తన్నావంటే కథ ఇక్కడే ఆపేస్తాను. ఊ కొడుతూ ఉండాలి మరి.

అనగనగా, చలికాలం వస్తే పాలు కూడా తోడుకోవడానికి బద్ధకించే ఒక కొండ ఊళ్ళో అప్పాయమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఆవిడ చేతి ఇడ్లీలంటే వీధి వీధంతా ఎగబడేది. కానీ పెద్దదైపోయింది కదా, మోకాళ్ళ నొప్పులు. అందుకని వంటిల్లంతా కోడలే చూసుకునేది. ప్రేమతోనేలే! అయినా చేతిలో గరిట లేకపోతే అప్పాయమ్మకి పొద్దు గడిచేది కాదు.

అప్పుడు ఆ ఇంటికి ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. మనవరాలు కుసుమ కొనుక్కుంది. కదిలే బొమ్మలతో కథలు చెయ్యడం ఆ పిల్ల పని. అబ్బో, ఆ కంప్యూటర్ అందం ఏం చెప్పను! నల్లటి పెట్టె, పక్కన అద్దం, లోపల రంగురంగుల దీపాలు, గిర్రున తిరిగే ఫ్యాన్లు. తెర మీద పిల్లి బొమ్మ వస్తే మీసాలు ఒక్కొక్కటీ కనిపించేవి. అప్పాయమ్మ దానికి బొట్టు పెట్టింది. దిష్టి తీసింది. ఆ తర్వాత పొద్దస్తమానం దాని ముందే కూర్చునేది.

ఒకరోజు దాని వెనక చెయ్యి పెట్టి చూసి హడలిపోయింది.

"ఒసే కుసుమా! దీనికి జ్వరం వచ్చిందే! కాసేపు పడుకోబెట్టవే!"

కుసుమ పడీ పడీ నవ్వింది. "జ్వరం కాదు నాన్నమ్మా. పెద్ద పని చేసేటప్పుడు లోపల వేడి పుడుతుంది. ఫ్యాన్లు దాన్ని బయటికి ఊదేస్తాయి."

"ఎంత కష్టపడుతున్నావు నాయనా," అని అప్పాయమ్మ ఆ పెట్టెని నిమిరింది.

ఆ తర్వాత కుసుమ మొదటి కథ పూర్తికావచ్చింది. చలిలో వెచ్చటి చోటు వెతుక్కునే పిల్లికూన కథ అది. ఆదివారం సాయంత్రం వీధి పిల్లలందరికీ చూపిస్తానంది. అప్పాయమ్మ ఊరుకుంటుందా? పిల్లలకి ఇడ్లీలు నేనే పెడతానని మాట ఇచ్చేసింది.

"మీ వల్ల ఎక్కడవుతుంది అత్తయ్యా? హోటల్ నుంచి తెప్పిద్దాం లెండి," అంది కోడలు.

"ఈ ఒక్కసారికి నన్ను చెయ్యనివ్వవే తల్లీ," అని బతిమాలింది. శనివారం సాయంత్రమే పప్పు రుబ్బి, రవ్వ కలిపి, గిన్నె మీద మూత పెట్టింది.

పొద్దున్నే మూత తీస్తే ఏముంది? పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క బుడగ లేదు. ఇది పొంగకపోతే ఇక నన్ను వంటింట్లోకి ఎవరూ రానివ్వరు అనుకుని అప్పాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు గిన్నెకి రగ్గు చుట్టింది. పిండి వెచ్చబడలేదు సరికదా, రగ్గే చల్లబడింది. ఆ తర్వాత డాబా మీద ఎండలో పెట్టించింది. ఎండేదీ? మంచు దిగి కూర్చుంది. మూడోసారి ఏం చెయ్యాలా అని కూలబడితే, గదిలోంచి ఫ్యాన్ల హోరు వినిపించింది. పిల్లికూన కథలో ఆఖరి ముక్కని కంప్యూటర్ తయారుచేస్తోంది.

"కుసుమా, నీ పెట్టె వెనకాల నా గిన్నెకి కాస్త చోటిస్తావా?"

కుసుమ ముఖం పాలిపోయింది. "పిండి పొంగి దాని మీద ఒలికిందంటే అది చచ్చిపోతుంది నాన్నమ్మా! నా కథా పోతుంది." అంటూనే నాన్నమ్మ కళ్ళలోకి చూసింది. వెళ్ళి స్టూలు తెచ్చింది. స్టూలు మీద పెద్ద పళ్ళెం, పళ్ళెంలో గిన్నె, పెట్టెకి జానెడు ఎడంగా.

పొంగకపోతే నా పరువు పోతుంది, మరీ పొంగితే దీని ప్రాణం పోతుంది అనుకుంటూ అప్పాయమ్మ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. భోజనానికి కూడా లేవలేదు. ఆ కంప్యూటర్ మాత్రం ఎంత బుద్ధిగా ఉందో చూడు! ముందువైపు బొమ్మలు వండుతోంది, వెనకవైపు పిండికి వెచ్చగా ఊదుతోంది. విసుగు లేదు, నసుగు లేదు.

మధ్యాహ్నం దాటాక ఒక బుడగ వచ్చింది. దాని పక్కన ఇంకోటి. ఆ తర్వాత మూతే పైకి లేవబోయింది. అప్పాయమ్మ మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి, ఒక్క చుక్క ఒలకకుండా గిన్నె ఎత్తేసుకుంది. కాసేపటికి కుసుమ కూడా "అయిపోయింది!" అని చప్పట్లు కొట్టింది.

సాయంత్రం పిల్లలంతా వచ్చి తెర మీద పిల్లికూన కథ చూశారు. ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి. అప్పాయమ్మ మొదటి ఇడ్లీని చిన్న పళ్ళెంలో పెట్టి, తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు ఉంచింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"నువ్వు తినవని నాకు తెలుసు నాయనా," అంది. "అయినా కష్టపడ్డవాళ్ళకి పెట్టకుండా మిగతావాళ్ళకి ఎలా పెట్టను?"

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ కోడలు వింది. అత్తయ్య వండినన్నాళ్ళూ తనకి పెట్టాకే తినడం గుర్తొచ్చింది. లోపలికెళ్ళి గరిట తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టింది.

"రేపటికి కూడా పిండి మీరే కలపాలి అత్తయ్యా. గిన్నె నేను మోస్తాను."

మరి కంప్యూటర్ ముందు పెట్టిన ఇడ్లీ ఎవరు తిన్నారంటావా? కుసుమ తినేసింది. కష్టపడ్డది తనూ కదా!

కథేమో కంచికి,
ఇడ్లీలేమో కంచానికి,
కంప్యూటర్ నిద్రకి,
నా కన్నతండ్రి మంచానికి!